కత్తెర పురుగును చంపే మిత్ర పురుగులేవి? మీ చేలోనే పట్టి, పెంచి, లెక్కగట్టే పద్ధతి

మిత్ర పురుగులను ఎలా గుర్తుపట్టాలని అడిగేవాళ్లకు చాలామంది నాలుగు ఫొటోలు చూపించి ఊరుకుంటారు. అక్షింతల పురుగు వరకైతే ఫొటో పనికొస్తుంది. బదనికల (శత్రు పురుగు మీద పెరిగి దాన్ని చంపే కందిరీగలు, ఈగల) విషయంలో ఫొటోతో ఏమీ తేలదు. బదనిక పిల్ల శత్రు పురుగు ఒంట్లోనో గుడ్డులోనో దాక్కుని పెరుగుతుంది. పైకి మీకు కనిపించేది ఆకు కొరుకుతున్న మామూలు లార్వానే.

అందుకే చేలో చూసి వచ్చేస్తే సగం లెక్కే వస్తుంది. మిగతా సగం కావాలంటే పురుగును ఇంటికి తెచ్చి, డబ్బాలో పెట్టి, మేపి, దానిలోంచి ఏం బయటికొస్తుందో వేచి చూడాలి. మొక్కజొన్నను పాడుచేసే కత్తెర పురుగు మీద ఈ పని ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఇతర లద్దె పురుగుల మీదా పద్ధతి దాదాపు ఇదే. రోజులు, గుర్తులు మారతాయి.

1. ముందు పురుగు అదేనా కాదా తేల్చుకోండి

మొక్కజొన్న సుడిలో (మొక్క నడుమ చుట్టుకుని ఉండే లేత ఆకుల్లో) కనిపించే ప్రతి లార్వా కత్తెర పురుగు కాదు. కాండం తొలుచు పురుగు, పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు కూడా అక్కడ దొరుకుతాయి. వాటి బదనికలు వేరుగా ఉండొచ్చు. పురుగే తప్పయితే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్కగట్టినా ప్రయోజనం లేదు.

పెద్ద లార్వాకు రెండు గుర్తులు చూడండి. తల ముందు భాగంలో తలకిందులైన ఇంగ్లిష్ ‘వై’ అక్షరంలా లేత గీత ఉంటుంది. తోకకు కాస్త ముందు, పొట్ట ఎనిమిదో ఖండం మీద నాలుగు నల్లచుక్కలు చదరంగా ఉంటాయి. రెండూ ఉంటేనే కత్తెర పురుగు.

అప్పుడే పిగిలిన పిల్లల్లో ఈ గుర్తులు కనిపించవు. వాటిని ‘అనుమానం’ అని రాసుకుని తేండి, పెరిగాక తేల్చుకోవచ్చు.

2. తెచ్చుకోవాల్సిన సామాను

పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. కానీ డబ్బాలు మాత్రం సరిపడా ఉండాలి. ఎన్ని లార్వాలు తెస్తారో అన్ని డబ్బాలు. ఇందులో రాజీ లేదు.

□ మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు: మూతకు కన్నం చేసి సన్నని గుడ్డ అంటించాలి
□ గుడ్ల కోసం సన్నని గాజు గొట్టాలు, దూది
□ నీళ్ల రంగులు వేసే మెత్తటి బ్రష్, చిన్న పట్టకారు
□ కనీసం 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం
□ టిష్యూ కాగితం, జల్లించిన ఇసుక లేదా మట్టి
□ పెన్సిల్, మందపాటి కాగితం ముక్కలు, నోటు పుస్తకం
□ 70 శాతం ఆల్కహాల్, చిన్న సీసాలు
□ మందు కొట్టని మొక్కజొన్న ఆకులు రోజూ దొరికే చోటు

ఆఖరుదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పురుగు మందు అవశేషం ఉన్న ఆకు ఒక్కటి పెట్టినా రెండు వారాల శ్రమ పోతుంది. ఇంటి దగ్గర పదో ఇరవయ్యో మొక్కజొన్న మొక్కలు విడిగా వేసుకుంటే టెన్షన్ ఉండదు.

చీటీలు పెన్నుతో రాయకండి. ఒకసారి నేను సీసాల్లోని చీటీలన్నీ పెన్నుతో రాశాను. ఆల్కహాల్ తగిలి సిరా అంతా కరిగిపోయింది. లోపల కందిరీగలు బాగానే ఉన్నాయి, ఏది ఏ చేనుదో మాత్రం తెలియలేదు. పెన్సిల్ రాత ఆల్కహాల్‌లో చెరగదు.

3. చేలో ఎలా నడవాలి, ఎన్ని తీయాలి

గట్టు వెంబడి నడిచి బాగా తినేసిన మొక్కల్లోంచి పురుగులు ఏరుకొచ్చే అలవాటు చాలామందికి ఉంది. దాంతో పురుగు ఎక్కడ ఎక్కువో తెలుస్తుంది, చేను మొత్తం పరిస్థితి తెలియదు.

చేలో ఇంగ్లిష్ ‘డబ్ల్యూ’ ఆకారంలో నడవండి. గట్టు దగ్గరి వరసలు వదిలేసి అయిదు చోట్ల ఆగండి. ఒక్కో చోట వరసగా 20 మొక్కలు చూడండి. మొత్తం 100 మొక్కలు కాబట్టి శాతం కట్టడం సులువు.

పొద్దున్నే వెళ్లండి. ఎండ ఎక్కాక భక్షక పురుగులు (శత్రు పురుగులను పట్టి తినే మిత్ర పురుగులు) చాలావరకు సుడి లోతుల్లోకి, ఆకు మొదళ్లలోకి దూరిపోతాయి.

ప్రతి మొక్క దగ్గర ఈ వరస పాటించండి:

□ ముట్టుకోకుండా పైపైన చూడండి: ఎగిరిపోయేవి, దూకేవి ముందు లెక్కలోకి రావాలి
□ ఆకుల కింది వైపు, కాండం మొదలు: గుడ్ల గుంపుల కోసం
□ తర్వాత సుడి విప్పండి: లార్వాలు, వాటితోపాటు దాక్కున్న భక్షకాలు
□ ఆకు మీద అంటుకున్న చిన్న పట్టు గూళ్లు, ఎండిన పురుగు చర్మాలు

నేరుగా సుడి విప్పేస్తే సగం భక్షకాలు మీరు చూసేలోపే జారుకుంటాయి.

వారానికి ఒకసారి, మొక్క మొలిచినప్పటి నుంచి పైన జల్లు (మగపూత) వచ్చే దాకా ఇలా చేయాలి. ఒక్కసారి చేసి ‘మా చేలో బదనికలు లేవు’ అనకండి. పైరు వయసును బట్టి వచ్చే మిత్ర పురుగులు మారిపోతాయి.

చేలో మందు కొట్టి వారం కూడా కాకపోతే సేకరణ వాయిదా వేయండి. తప్పనిసరైతే ఎన్ని రోజుల క్రితం ఏ మందు కొట్టారో పుస్తకంలో రాయండి.

4. మూడు సైజుల్లోనూ తీయండి: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

కంటికి బాగా కనిపిస్తాయి కాబట్టి పెద్ద లార్వాలనే ఏరుకొస్తాం. కానీ బదనికల్లో ఒక్కొక్కటి పురుగు జీవితంలో ఒక్కో దశను ఎంచుకుంటుంది.

కాంపోలెటిస్ అనే సన్న నడుము కందిరీగ చిన్న లార్వాలో గుడ్డు పెడుతుంది. ఆ లార్వా పెద్దదయ్యేలోపే చచ్చిపోతుంది. అంటే పెద్ద లార్వాలు ఎన్ని వందలు తెచ్చినా కాంపోలెటిస్ దొరకదు. అది దెబ్బతీసినవి అప్పటికే చేలో లేవు.

టాకినిడ్ ఈగలు కూడా బదనికలే, కానీ వాటిది దీనికి రివర్స్. అవి ఎక్కువగా పెద్ద లార్వాలను పట్టుకుంటాయి. చిన్నవే తెస్తే ఈగలు లెక్కలోకి రావు.

కెలోనస్ అనే కందిరీగ మరీ తెలివైంది. అది గుడ్డులోనే తన గుడ్డు పెట్టేస్తుంది. అయినా గుడ్డు మామూలుగానే పిగిలి లార్వా వస్తుంది. ఆ లార్వా కొన్నాళ్లు పెరిగి మధ్య వయసులో చస్తుంది. గుడ్లు చూసి ‘అన్నీ బాగానే పిగిలాయి, బదనిక లేదు’ అనుకుంటే కెలోనస్ మీ కళ్లు గప్పినట్టే.

కాబట్టి ప్రతిసారీ ఇలా తీయండి:

□ గుడ్ల గుంపులు: దొరికినన్ని, కనీసం 10
□ చిన్న లార్వాలు, 6 మిల్లీమీటర్ల లోపు: 30 నుంచి 40
□ మధ్య లార్వాలు, 6 నుంచి 15 మిల్లీమీటర్లు: 30 నుంచి 40
□ పెద్ద లార్వాలు, 15 మిల్లీమీటర్ల పైన: 30 నుంచి 40
□ బదనిక గూళ్లు విడిగా కనిపిస్తే: అన్నీ, కానీ వేరే లెక్కలో

ఆఖరి మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. విడిగా దొరికిన గూళ్లను శాతంలో కలపకూడదు. కలిపితే శాతం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పురుగును వేళ్లతో నొక్కి పట్టుకోవద్దు. అది ఉన్న ఆకు ముక్కను కోసి ముక్కతో సహా కప్పులో వేయండి. కప్పులను ఎండలో గట్టు మీద వదలకండి. మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఎండలో కాసేపట్లోనే పొయ్యిలా వేడెక్కుతుంది.

5. ఒక కప్పులో ఒకే లార్వా

కత్తెర పురుగు తోటి పురుగును తినేస్తుంది. మొదటిసారి నేను బద్ధకించి అయిదింటిని ఒకే డబ్బాలో పెట్టాను. తెల్లారేసరికి ఒకటి బాగా బలిసి ఉంది, మిగతావాటి తలలు మాత్రం మిగిలాయి. ఆ పోయినవాటిలో బదనికలు ఉన్నాయో లేదో ఇక తెలిసే దారి లేదు. పైగా బదనిక సోకిన లార్వా మందకొడిగా ఉంటుంది కాబట్టి ముందు బలయ్యేది అదే.

రోజువారీ పని:

□ పాత ఆకు, పురుగు పెంట తీసేయడం
□ కడిగి తుడిచి ఆరబెట్టిన లేత ఆకు ముక్క పెట్టడం
□ కప్పు అడుగున టిష్యూ తడిస్తే మార్చడం
□ చచ్చిందా, తిండి మానేసిందా, రంగు మారిందా చూసి రాయడం

తడి ఆకు పెట్టకండి. డబ్బాలో చెమట పడితే బూజు వస్తుంది, ఆ బూజు వల్ల చచ్చినవి కూడా చేలో జబ్బు ఖాతాలో పడిపోతాయి. నీడగా, గాలి ఆడే చోట, 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. చీమలు రాకుండా బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టండి.

ఆరోగ్యంగా ఉన్న కప్పులు ముందు, జబ్బుపడినవి చివర చూడండి. వరస తప్పితే వైరస్‌ను మీ బ్రష్షే కప్పు కప్పుకూ మోస్తుంది. చచ్చిన పురుగును ముట్టుకున్నాక చేతులు, బ్రష్ సబ్బుతో కడగాల్సిందే.

పెద్ద లార్వా తిండి మానేసి అటూ ఇటూ తిరుగుతుంటే ప్యూపా (లార్వాకూ రెక్కల పురుగుకూ మధ్య దశ) కావడానికి చోటు వెతుక్కుంటోందని అర్థం. కప్పులో రెండు మూడు సెంటీమీటర్ల మందాన కాస్త తేమగా ఉన్న ఇసుక వేయండి. పిండితే నీరు కారకూడదు, చేతికి చల్లగా తగలాలి, అంతే.

మధ్య సైజు లార్వాలకు కూడా కొంచెం ముందుగానే ఇసుక వేసి ఉంచండి. కెలోనస్ సోకిన లార్వా పూర్తిగా పెరగకుండానే, ప్యూపా అయ్యే వయసు వచ్చినట్టు కిందికి దిగిపోతుంది. ఇసుక కనబడకపోతే అలా తిరిగి తిరిగి అలిసిపోతుంది.

6. గుడ్ల గుంపుల దగ్గర ఓపిక

గుడ్ల గుంపును ఆకు ముక్కతో సహా కోసి గాజు గొట్టంలో పెట్టి దూదితో బిగించండి. గొట్టానికి ఒకే గుంపు. మూతకు గుడ్డ కట్టిన కప్పు ఇక్కడ పనికిరాదు. గుడ్లలో పెరిగే ట్రైకోగ్రామా అనే బదనిక కందిరీగ పొడవు అర మిల్లీమీటరు చుట్టూ ఉంటుంది, నేత సందుల్లోంచి నడిచి వెళ్లిపోతుంది.

బదనిక సోకిన గుడ్డు నల్లబడుతుందని అందరూ చెబుతారు. నిజమే. కానీ మామూలు గుడ్డు కూడా పిగలబోయే ముందు లోపలి పిల్ల నల్ల తల కనిపించి నల్లగా అవుతుంది. రంగు చూసి ఆ రోజే లెక్క రాసేస్తే తప్పు పడుతుంది.

వెచ్చటి వాతావరణంలో మంచి గుడ్లు రెండు మూడు రోజుల్లో పిగిలిపోతాయి. తెచ్చిన అయిదో రోజుకు కూడా పిగలకుండా, పెంకు అంతా ఒకేలా నల్లగా నిగనిగలాడుతుంటే అప్పుడు బదనిక అనండి. పిగలలేదు, నల్లబడలేదు, ముడతలు పడ్డాయంటే అవి చెడిపోయిన గుడ్లు. వాటిని వేరే గడిలో రాయండి.

పిగిలిన పిల్లలను రోజూ తీసేయాలి. ఉంచితే పక్కన ఉన్న నల్లగుడ్లను కూడా కొరికేస్తాయి. తీసినవాటిలో ఒక్కో గుంపు నుంచి ఒక పది పిల్లలను విడివిడిగా పెంచండి. కెలోనస్ దొరికేది వీటిలోనే.

నల్లగుడ్ల నుంచి కందిరీగలు రావడానికి 8 నుంచి 12 రోజులు పట్టొచ్చు, చలిలో ఇంకా ఎక్కువ. ఈలోపు గొట్టంలో ఏమీ కదలట్లేదని పారేసేవాళ్లను చూశాను. కనీసం మూడు వారాలు ఉంచండి.

రెండు రకాలు ఎక్కువగా వస్తాయి. టెలినోమస్ నల్లగా నిగనిగలాడుతుంది, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. ట్రైకోగ్రామా ఇంకా చిన్నది, పసుపు లేదా గోధుమ ఛాయ, కళ్లు ఎర్రగా ఉంటాయి. కత్తెర పురుగు తన గుడ్లను ఒకదాని మీద ఒకటి పొరలుగా పెట్టి పైన నూగు కప్పుతుంది. ట్రైకోగ్రామా పై పొర దాటి లోపలికి వెళ్లడానికి ఇబ్బంది పడుతుంది. టెలినోమస్ కింది పొరల గుడ్లనూ అందుకుంటుంది. ఒక గుంపులో పైగుడ్లు మాత్రమే నల్లబడ్డాయా, అడుగువి కూడానా అన్నది రాసుకుంటే ఎవరు పనిచేస్తున్నారో కందిరీగ రాకముందే కొంత ఊహకు అందుతుంది.

7. లార్వా కప్పులో ఏం కనిపిస్తే ఏమిటి

తెల్లని పట్టు గూడు, పక్కనే ఎండిన పురుగు తోలు: బదనిక కందిరీగ. గూడు బూడిద రంగులో ఉండి మీద నల్లటి మచ్చలుంటే కాంపోలెటిస్ కావచ్చు. శుభ్రమైన తెలుపు, ఇసుకలో దొరికితే కెలోనస్ అనుకోవచ్చు. బయటికొచ్చిన కందిరీగను చూసి ఖాయం చేసుకోండి. కెలోనస్ పొట్ట పై భాగం తాబేలు డిప్పలా ఒకే ముక్కగా ఉంటుంది. కాంపోలెటిస్‌కు నడుము సన్నగా, మీసాలు పొడవుగా ఉంటాయి. చిన్న చిన్న గూళ్లు గుత్తిగా ఉంటే కొటీషియా అనే కందిరీగల్లో గుంపుగా పెరిగే రకం అయి ఉండొచ్చు.

గోధుమ రంగులో, పీపా ఆకారంలో, గింజలాంటిది: టాకినిడ్ ఈగ ప్యూపా. లార్వా నుంచో, లార్వా ప్యూపా అయ్యాక దానిలోంచో పిల్ల ఈగ బయటికొచ్చి ఇలా మారుతుంది. అందుకని కత్తెర పురుగు ప్యూపా అయిపోయింది కదా అని కప్పు ఖాళీ చేయొద్దు. రెక్కల పురుగు ఎగిరే వరకూ ఆగాలి.

లార్వా తల వెనక తెల్లటి చిన్న గుడ్లు అంటుకుని ఉంటే టాకినిడ్ పెట్టినవే. అంతమాత్రాన దాన్ని సోకినదిగా రాయకండి. ఆ గుడ్డు పిగలకముందే లార్వా చర్మం వదిలితే గుడ్డు చర్మంతోపాటే పోతుంది, లార్వా బతికిపోతుంది.

ఒళ్లు గట్టిపడి, మొదట తెల్లటి బూజు, తర్వాత లేత ఆకుపచ్చ పొడి: శిలీంధ్రం. మెటారైజియం రైలేయి అనేది ఇలాగే కనిపిస్తుంది. ఒళ్లు మెత్తబడి, ముట్టుకుంటే చిట్లి, చేలో అయితే ఆకుకు తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తే వైరస్. ఇవి పురుగులు కావు కానీ కత్తెర పురుగుకు శత్రువులే. బదనికల గడిలో కాకుండా జబ్బుల గడిలో రాయండి.

గూడు కనబడగానే దాన్ని విడి గొట్టంలోకి మార్చండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. బదనిక మీద కూడా బదనిక ఉంటుంది. కొటీషియా గూడులోంచి వేరే రకం కందిరీగ వస్తే అది మనకు మిత్రుడు కాదు, మిత్రుడిని చంపింది. గూడు కన్నం చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. కొటీషియా తానే వస్తే గూడు కొసన మూత తీసినట్టు గుండ్రంగా కోస్తుంది. పైబదనిక అయితే పక్కన ఎక్కడో గరుకుగా, వంకరగా కొరికిన కన్నం ఉంటుంది. ఒకే గొట్టంలో పది గూళ్లు వేస్తే ఏ కన్నంలోంచి ఎవరొచ్చారో చెప్పలేరు.

8. భక్షకాలను లెక్కించడం

ఇవి పెంచితే బయటపడేవి కావు. చేలో చూసి రాయాల్సిందే. సుడిలోనూ ఆకుల మీదా ఎక్కువగా కనిపించేవి ఇవి:

అక్షింతల పురుగులు, వాటి పిల్లలు: గుడ్లు, అప్పుడే పిగిలిన లార్వాలు తింటాయి. పిల్లలు మొసలి ఆకారంలో ఉంటాయి, శత్రు పురుగనుకుని నలిపేయకండి.

అల్లిక రెక్కల పురుగు పిల్లలు: కొడవళ్లలాంటి దవడలతో గుడ్లను, చిన్న లార్వాలను పీల్చేస్తాయి.

ఇయర్‌విగ్‌లు: తోక కొసన పట్టకారులాంటి కొమ్ములుంటాయి. సుడి లోపల, లార్వా ఉండే చోటే ఇవీ ఉంటాయి. మొక్కజొన్నలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది వీటికే. మందు సుడిలో పోస్తే మొదట పోయేది కూడా ఇవే.

భక్షక నల్లులు: సూదిలాంటి ముక్కుతో లార్వాను గుచ్చి పీలుస్తాయి. పైరు రసం పీల్చే నల్లుల్లాగే కనిపిస్తాయి కాబట్టి ముక్కు చూడండి. భక్షకానిది లావుగా, ముందుకు చాచగలిగేలా ఉంటుంది. రసం పీల్చేదానిది సన్నగా, తల కింద అంటిపెట్టుకుని ఉంటుంది.

కందిరీగలు, చీమలు, నేల మీద తిరిగే పెంకు పురుగులు, సాలీళ్లు కూడా రాయండి. సాలీడు కీటకం కాదు. అయినా లెక్క విడిచిపెట్టకండి.

నేల మీది పెంకు పురుగులకు ఒక ప్లాస్టిక్ గ్లాసును అంచు నేలకు సమంగా వచ్చేలా పాతి, అడుగున కాస్త సబ్బునీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. అంచు నేలకంటే ఎత్తుగా ఉంటే పురుగు పక్కనుంచి వెళ్లిపోతుంది, ఒక్కటీ పడదు.

కనిపించిన ప్రతి పురుగూ కత్తెర పురుగునే తింటోందని అనుకోకూడదు. పేనుబంక ఉన్న చేలో అక్షింతల పురుగులు దాని కోసమే వచ్చి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే చిన్న పరీక్ష చేయండి.

□ భక్షకాన్ని ఒక రోజు పస్తు ఉంచండి, తాగడానికి తడి దూది పెట్టండి
□ మూతగల పళ్లెంలో 10 లేత లార్వాలు, ఆకు ముక్క, భక్షకం పెట్టండి
□ పక్కనే భక్షకం లేకుండా అలాంటిదే ఇంకొక పళ్లెం పెట్టండి
□ 24 గంటల తర్వాత రెండింట్లోనూ మిగిలినవి లెక్కించండి

రెండో పళ్లెం లేకుండా ఈ పరీక్షకు అర్థం లేదు. వాటంతట అవే చచ్చినవి, ఒకదాన్నొకటి తిన్నవి ఎన్నో దానివల్లే తెలుస్తుంది. పైగా ఈ పరీక్ష ‘తింటుందా’ అన్నదానికే జవాబిస్తుంది. ‘చేలో రోజుకు ఎన్ని తింటుంది’ అన్నదానికి కాదు. పళ్లెంలో వెతుక్కునే పని లేదు కదా.

9. లెక్క కట్టడం

అంకెలు ఊహించి ఒక ఉదాహరణ వేసుకుందాం. మధ్య సైజు లార్వాలు 40 తెచ్చారు. 6 ఎందుకు చచ్చాయో తెలియలేదు. 11 నుంచి బదనికలు వచ్చాయి. 4 శిలీంధ్రంతో పోయాయి. 19 రెక్కల పురుగులయ్యాయి.

కారణం తెలియని 6ను తీసేయండి. మిగిలిన 34లో 11, అంటే 32 శాతం బదనికలు. 34లో 4, అంటే 12 శాతం శిలీంధ్రం. తీసేసిన 6 సంగతి మాత్రం పక్కన రాసి ఉంచండి. కారణం తెలియని చావులు మూడో వంతు దాటితే ఆ బ్యాచ్‌ను నమ్మకండి. మీ పెంపకంలోనే ఏదో తేడా ఉంది.

గుడ్లకు రెండు శాతాలు కట్టాలి. 10 గుంపుల్లో 6 గుంపులకు బదనిక తగిలితే గుంపుల లెక్కన 60 శాతం. కానీ ఆ 10 గుంపుల్లో మొత్తం 1,200 గుడ్లుండి 180 మాత్రమే నల్లబడితే గుడ్ల లెక్కన 15 శాతమే. మొదటిది బదనిక చేనంతా తిరుగుతోందా లేదా చెబుతుంది, రెండోది పురుగు ఎంత తగ్గిందో చెబుతుంది. చాలామంది పెద్దది చూసి మురిసిపోతారు.

ఇంకొక పొరపాటు, దశల శాతాలను కూడటం. గుడ్లలో 30, మధ్య లార్వాల్లో 32, పెద్దవాటిలో 10 వచ్చాయని 72 శాతం చచ్చాయనకూడదు. బతికినవాటిని గుణించాలి. 0.70ని 0.68తో, దాన్ని 0.90తో గుణిస్తే 0.43 వస్తుంది. అంటే 43 శాతం బతికాయి, 57 శాతం పోయాయి.

10. ఆ అంకెతో చేలో ఏం చేయాలి

శాతం ఒక్కటే చూసి మందు ఆపడమో కొట్టడమో చేయకండి. ఏ బదనిక అన్నది కూడా చూడాలి.

గుడ్డులో చంపే బదనిక ఉంటే ఆకుకు నష్టమే జరగదు. కాంపోలెటిస్ అయితే లార్వా పెద్ద తిండికి రాకముందే పోతుంది, ఈ పైరుకే లాభం. కత్తెర పురుగు తన జీవితంలో తినే ఆకులో ఎక్కువ భాగం చివరి దశలోనే తింటుంది. టాకినిడ్ సోకిన పెద్ద లార్వా అప్పటికే చాలావరకు తినేసి ఉంటుంది. ఆ ఈగ వల్ల లాభం వచ్చే తరం పురుగుల సంఖ్యలో కనిపిస్తుంది. 40 శాతం టాకినిడ్ ఉందని ఇవాళ్టి సుడి నష్టాన్ని వదిలేస్తే ఈ పైరు దెబ్బతింటుంది.

నష్టం మీ ప్రాంతంలో సిఫార్సు చేసే హద్దు దాటకుండా, చిన్న లార్వాల్లో బదనికలు వారం వారం పెరుగుతుంటే నేనైతే మందు జోలికి వెళ్లను. హద్దు దాటితే చేనంతా కాకుండా పురుగున్న మొక్కల సుడిలోకే, సాయంత్రం పూట, మిత్ర పురుగులకు తక్కువ హాని చేసే మందు వాడటం మేలు.

11. పెంచినవాటిని ఏం చేయాలి

రకం తేల్చుకోవడానికి కొన్ని దాచాలి. పుట్టిన వెంటనే చంపకండి, ఒక రోజు ఆగితే ఒళ్లు గట్టిపడి అసలు రంగు వస్తుంది. ఆ ఒక్కరోజుకు గొట్టం గోడకు తేనెను సూదిమొనతో సన్నగా గీయండి. బొట్టుగా పెడితే కందిరీగ అందులోనే అంటుకుని చస్తుంది.

కందిరీగలను ఆల్కహాల్‌లో వేయండి. టాకినిడ్ ఈగలను వేయకండి. వాటి ఒంటి మీది ముళ్లవెంట్రుకలు, పూత చూసే రకం చెబుతారు, ఆల్కహాల్‌లో అవి అణిగిపోతాయి. ఫ్రీజర్‌లో పెట్టి చంపి, సూదికి గుచ్చి పొడిగా ఉంచాలి. ఖాళీ ప్యూపా డొల్లను, పురుగు తోలును కూడా జత చేయండి. నిపుణులకు అవి కూడా కావాలి.

మిగిలిన బదనికలను తెచ్చిన చేలోనే, పొద్దున గానీ సాయంత్రం గానీ వదలండి. కప్పుల్లో మిగిలిన కత్తెర పురుగు లార్వాలను, ప్యూపాలను, రెక్కల పురుగులను మాత్రం వదలకూడదు. ఫ్రీజర్‌లో రెండు రోజులు పెట్టి పారేయండి.

12. తరచూ వచ్చే ఇబ్బందులు

లార్వాలన్నీ మూడు రోజుల్లోనే చచ్చాయి: ఆకు మీద మందు అవశేషం, లేదా తెచ్చేటప్పుడు వేడి తగిలింది. ఆకు వచ్చే చోటు మార్చి, ఈసారి కప్పులను తడిగుడ్డ చుట్టిన పెట్టెలో తేండి.

గూడు కట్టింది, కందిరీగ రాలేదు: గూడు బాగా ఎండిపోయి ఉండొచ్చు. గొట్టం దూదిని రెండు రోజులకొకసారి కాస్త తడపండి, నీరు గూటికి తగలనీయకండి. మూడు వారాలు దాటాక గూడు చీల్చి చూడండి. లోపల చచ్చిన కందిరీగ ఉంటే అది కూడా బదనిక లెక్కలోకే వస్తుంది.

కప్పులో ఏమీ లేదు, లార్వా కూడా లేదు: మూత గుడ్డ అంచులు చూడండి. పెద్ద లార్వా పలచటి గుడ్డను కొరికి వెళ్లిపోతుంది. పెద్దవాటికి సన్నని ఇనుప జాలీ వేయండి. పోయినదాన్ని ‘తప్పించుకుంది’ అని రాసి లెక్కలోంచి తీసేయండి.

వారాలు గడిచినా ఒక్క బదనికా దొరకలేదు: సైజుల జాబితా తీసి చూడండి. పెద్ద లార్వాలే తెచ్చి ఉంటే నాలుగో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. మూడు సైజులూ సరిగ్గానే తెస్తున్నా దొరక్కపోతే, మందు పడని పక్క చేలోనో గట్టు మీది గడ్డి దగ్గరి వరసల్లోనో ఒక బ్యాచ్ విడిగా తీసి పోల్చండి.